చిన్న ఫైళ్ళే ఎందుకు ఫెయిలయ్యాయి: ఒక చెక్‌సమ్ టూల్ కథ

పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి ఆర్కైవ్ ఫైళ్ళు తరలించే పని అది. ఏళ్ళ తరబడి పోగుపడిన సరుకు: స్కాన్ చేసిన పత్రాలు, రిపోర్టులు, లాగ్‌లు, డేటాబేస్ బ్యాకప్‌లు. ఏ ఫైల్ అయినా ఆర్కైవ్‌లోకి చేరగానే దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైల్‌లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అంకె, దీన్నే హ్యాష్ లేదా చెక్‌సమ్ అంటారు) లెక్కగట్టి ఒక టేబుల్‌లో రాసిపెట్టడం అక్కడి పద్ధతి. లెక్క కట్టేది జావాలో సొంతంగా రాసుకున్న చిన్న టూల్. దాన్ని రాసినవాళ్ళెవరూ ఇప్పుడు ఆ టీమ్‌లో లేరు. తరలింపు పూర్తయ్యాక అదే టూల్‌ను కొత్త సర్వర్‌లో నడిపి, టేబుల్‌లోని విలువలతో సరిచూడాలి. సరిచూడటం వరకు నా బాధ్యత.

రిపోర్టు చూస్తే గుండె జారింది. చిన్న ఫైళ్ళు దాదాపు అన్నీ ఫెయిల్. పెద్ద ఫైళ్ళు అన్నీ పాస్.

అందరూ ముందు కాపీనే అనుమానించారు. నెట్‌వర్క్‌లో ఏదో తేడా ఉందని ఒకరు, కొత్త డిస్కులు సరిగా లేవని ఇంకొకరు. మొత్తం మళ్ళీ కాపీ చేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. నాకు అది మింగుడుపడలేదు. నెట్‌వర్క్ పాడుచేస్తే పెద్ద ఫైళ్ళకే ఎక్కువ దెబ్బ తగలాలి, ఎందుకంటే తీగ మీద ఎక్కువసేపు ఉండేవి అవే. గిగాబైట్ల ఫైళ్ళు చెక్కుచెదరకుండా వచ్చి, రెండు మూడు కిలోబైట్ల ఫైళ్ళు వరసపెట్టి పాడవడం హార్డ్‌వేర్ లక్షణం కాదు. అలాంటి పని చేసేది కోడే.

కాబట్టి ముందు టూల్‌ను పక్కన పెట్టాం. ఫెయిలయిన ఒక ఫైల్‌ను తీసుకుని పాత సర్వర్‌లో, కొత్త సర్వర్‌లో లినక్స్‌తో వచ్చే మామూలు ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్ నడిపాం. రెండు చోట్లా ఒకే విలువ. ఫైళ్ళను బైటు బైటు పోల్చి చూసినా తేడా లేదు. అంటే కాపీ బాగానే జరిగింది. విచిత్రమేమిటంటే, ఆ విలువ టేబుల్‌లో ఉన్నదానితో కలవలేదు, కొత్త సర్వర్‌లో టూల్ ఇచ్చినదానితోనూ కలవలేదు. ఒకే ఫైల్‌కి మూడు వేర్వేరు విలువలు! హ్యాష్ అనేదానికి ఉన్న మొదటి గుణమే అదే ఇన్‌పుట్‌కి అదే అవుట్‌పుట్ ఇవ్వడం. మూడు విలువలు వచ్చాయంటే మూడు వేర్వేరు ఇన్‌పుట్‌లు లోపలికి వెళ్ళాయన్నమాట. ఇక తేల్చాల్సింది ఒక్కటే: టూల్ అల్గారిథమ్‌కి నిజంగా ఏ బైట్లు తినిపిస్తోంది?

జవాబు తెలిసిన లెక్కతో మొదలు

హ్యాష్ కోడ్ మీద అనుమానం వస్తే జవాబు ముందే తెలిసిన ఇన్‌పుట్‌తో పరీక్షించడం కంటే దగ్గరి దారి లేదు. ఎస్‌హెచ్‌ఏ-256కి ఖాళీ ఫైల్ విలువ హెక్స్‌లో (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్ వరకు పదహారు గుర్తులతో సంఖ్యలు రాసే పద్ధతిలో) ఈ3, బీ0, సీ4, 42 అంటూ మొదలవుతుంది. ఏబీసీ అనే మూడు చిన్న ఇంగ్లిష్ అక్షరాల విలువ బీఏ, 78, 16, బీఎఫ్ అంటూ మొదలవుతుంది. ఈ రెండోది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఈ అల్గారిథమ్‌కి ఇచ్చిన ఉదాహరణల్లోదే. ఎకో కమాండ్‌తో ఈ ఫైల్ తయారుచేస్తే మాత్రం చివర ఒక న్యూలైన్ (కొత్త వరసకి వెళ్ళమనే కనబడని అక్షరం) కలిసి నాలుగు బైట్లవుతుంది, విలువ మారిపోతుంది. ప్రింట్‌ఎఫ్ వాడాలి. ఇక్కడ తడబడి, బాగానే ఉన్న కోడ్‌ని గంటల తరబడి వెతికినవాళ్ళను చూశాను.

టూల్‌కి ఖాళీ ఫైల్ ఇస్తే సరైన జవాబే వచ్చింది. మూడక్షరాల ఫైల్‌కి తప్పు జవాబు వచ్చింది. అల్గారిథమ్ జావా లైబ్రరీదే, అందులో తప్పుండే అవకాశం దాదాపు లేదు. మరి అసలు డేటానే లేనప్పుడు సరిగ్గా వచ్చి, మూడు బైట్లు ఉంటే తప్పు రావడమేమిటి?

తర్వాత సైజులతో ఆడాం. యాదృచ్ఛిక బైట్లతో రకరకాల సైజుల ఫైళ్ళు చేసి, టూల్ జవాబును ప్రామాణిక కమాండ్ జవాబుతో పోల్చాం. 4096 బైట్లు తప్పు. 8191 తప్పు. 8192 ఒప్పు. 8193 తప్పు. 16384 ఒప్పు. ఇంత వచ్చాక కోడ్ తెరవకుండానే విషయం సగం అర్థమైపోయింది. 8192 కోడ్‌లో బఫర్ (ఫైల్ నుంచి చదివిన బైట్లను తాత్కాలికంగా ఉంచే చోటు) సైజుగా అందరూ వాడే అంకె. ఆ అంకెతో శేషం లేకుండా భాగించగలిగిన ఫైళ్ళకే సరైన విలువ వస్తోంది.

కోడ్‌లో ఆ ఒక్క లైన్

పెద్ద ఫైల్‌ను మొత్తంగా మెమరీలోకి ఎక్కించి హ్యాష్ చేయడం కుదరదు. అందుకే ముక్క ముక్కగా చదువుతూ, ప్రతి ముక్కనీ అప్‌డేట్ అనే ఫంక్షన్‌కి ఇస్తూ పోతాం. ఆఖర్న డైజెస్ట్ అంటే మొత్తానికి విలువ ఇస్తుంది. ముక్కలు ఏ సైజులో ఇచ్చినా ఫలితం మారదు, వరస మారకుండా ఉంటే చాలు. జావాలో రీడ్ ఫంక్షన్ ఎన్ని బైట్లు చదివిందో ఒక అంకెగా తిరిగి చెబుతుంది. దాన్ని ఎన్ అనుకుందాం. హ్యాష్ కట్టే వస్తువు పేరు కోడ్‌లో ఎండీ. టూల్‌లో ఉన్న లైన్ ఇది:

ఎండీ.అప్‌డేట్(బఫర్)

ఉండాల్సిన లైన్ ఇది:

ఎండీ.అప్‌డేట్(బఫర్, 0, ఎన్)

మొదటిది బఫర్‌లో ఉన్న 8192 బైట్లనూ అల్గారిథమ్‌కి ఇచ్చేస్తుంది, అందులో ఈసారి నిజంగా చదివినవి ఎన్నో పట్టించుకోదు. 20000 బైట్ల ఫైల్ తీసుకోండి. మొదటి రీడ్‌లో 8192, రెండో రీడ్‌లో 8192, మూడో రీడ్‌లో మిగిలిన 3616 వస్తాయి. మూడోసారి బఫర్ మొదటి 3616 స్థానాల్లో కొత్త బైట్లు పడతాయి. వెనకాల 4576 స్థానాల్లో రెండో రీడ్ నాటి పాత బైట్లు అలాగే ఉంటాయి. అవి కూడా హ్యాష్‌లోకి పోతాయి. అల్గారిథమ్ దృష్టిలో ఈ ఫైల్ 20000 బైట్లది కాదు, 24576 బైట్లది. ఖాళీ ఫైల్ ఎందుకు తప్పించుకుందంటే, మొదటి రీడే ఫైల్ అయిపోయిందని చెప్పేస్తుంది కనుక అప్‌డేట్ దాకా పోనే పోదు.

బాగుంది, మరి పెద్ద ఫైళ్ళు సరిచూసినప్పుడు ఎలా పాసయ్యాయి? వాటి సైజులన్నీ 8192 గుణిజాలు కావు కదా. టేబుల్‌లో విలువ రాసిందీ ఈ టూలే, ఇప్పుడు సరిచూస్తున్నదీ ఈ టూలే. పెద్ద ఫైల్ చివరి ముక్కలో మిగిలిపోయే పాత బైట్లు అదే ఫైల్‌లోని ముందు ముక్కవి. ఏ సర్వర్‌లో నడిపినా అవే ఉంటాయి. ఇద్దరు పిల్లలు ఒకే తప్పు పద్ధతిలో లెక్క చేస్తే జవాబులు కలిసినట్టే ఇదీ. ఈ టూల్ ఇన్నేళ్ళు ఎవరికీ దొరక్కుండా నడవడానికి కారణం కూడా అదే. బయటి కమాండ్‌తో ఒక్కసారి పోల్చి ఉంటే మొదటి రోజే బయటపడేది.

చిన్న ఫైళ్ళ సంగతి వేరు. బఫర్‌ను ఒక దశలో ఎవరో స్పీడ్ కోసమని క్లాస్ స్థాయికి మార్చారు. ప్రతి ఫైల్‌కీ కొత్త బఫర్ కాకుండా ఒకే బఫర్ అన్నిటికీ పనిచేస్తోంది. 8192 కంటే చిన్న ఫైల్ ఒకే రీడ్‌లో అయిపోతుంది. దాని వెనక మిగిలేది అంతకుముందు హ్యాష్ చేసిన ఫైల్ తాలూకు బైట్లు. అంటే చిన్న ఫైల్ విలువ దాని ముందు ఏ ఫైల్ నడిచిందన్న దాని మీద ఆధారపడింది. కొత్త సర్వర్‌లో డైరెక్టరీ లిస్టింగ్ వేరే వరసలో వచ్చింది. జావా ఆ వరసకి ఏ హామీ ఇవ్వదు. వరస మారింది, విలువలు మారాయి, రిపోర్టు ఎర్రబడింది. చెప్పాలంటే ఆ స్పీడ్ మార్పు వల్లే ఈ తప్పు దొరికింది. అది లేకపోతే చిన్న ఫైళ్ళ వెనక ఎప్పుడూ సున్నాలే ఉండి, అవీ పాసైపోయేవి.

సరిచేశాక కూడా కొన్ని ఫెయిల్

ఆ లైన్ మార్చి, బఫర్‌ను ఫంక్షన్ లోపలికి తెచ్చి, ప్రామాణిక కమాండ్‌తో మళ్ళీ పోల్చాం. సుమారు పదహారు ఫైళ్ళకు ఒకటి చొప్పున ఇంకా తేడా వస్తోంది. ఈసారి సైజుతో సంబంధం లేదు. కానీ ఒక ఫెయిల్ విలువను పక్కన పెట్టి చూస్తే మొదటి అక్షరం తప్ప అన్నీ సరిపోయాయి. టూల్ విలువలో 63 అక్షరాలే ఉన్నాయి.

ఎస్‌హెచ్‌ఏ-256 ఇచ్చేది 256 బిట్లు, అంటే 32 బైట్లు, హెక్స్‌లో రాస్తే 64 అక్షరాలు. టూల్ ఆ 32 బైట్లనూ బిగ్‌ఇంటిజర్ అనే పెద్ద సంఖ్యగా మార్చి హెక్స్‌లో ముద్రిస్తోంది. సంఖ్యకి ముందు సున్నాలకు విలువ లేదు కనుక అవి రాలిపోతాయి. హెక్స్‌లో మొదటి అక్షరం సున్నా అయ్యే అవకాశం పదహారింట ఒకటి. పరిష్కారం చిన్నదే: 64 అక్షరాలకు తగ్గితే ముందు సున్నాలు నింపే ఫార్మాట్ వాడటం, లేదా జావా 17లో వచ్చిన హెక్స్‌ఫార్మాట్ క్లాస్ వాడటం. ఇదే లైన్ వేరే ప్రాజెక్టుల్లో ఇంకో రూపంలో కనబడుతుంది. బిగ్‌ఇంటిజర్‌కి గుర్తు ధనాత్మకం అని చెప్పకపోతే సగం విలువల ముందు మైనస్ వచ్చి కూర్చుంటుంది. దాన్నైతే ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. రాలిపోయిన సున్నా కంటికి ఆనదు.

పాసైన వాటి మాటేమిటి

ఇక్కడితో ఆగి, టూల్ బాగయింది, కాపీ బాగుంది, అని సంతకం పెట్టేయొచ్చు. టీమ్‌లో చాలామందికి అదే ఇష్టం. నన్ను మాత్రం పాసైన పెద్ద ఫైళ్ళే ఆలోచనలో పడేశాయి. తప్పు పద్ధతిలో కట్టిన హ్యాష్ అయినా ఫైల్‌లోని బైట్లన్నీ అందులోకి వెళ్తున్నాయి, కాబట్టి మధ్యలో ఒక్క బైట్ మారినా విలువ మారుతుంది. ఆ వరకు పాత పరీక్షకు విలువ ఉంది. కానీ చివర కత్తిరించుకుపోయిన ఫైల్ సంగతి?

ఎస్‌హెచ్‌ఏ-256 డేటాను 64 బైట్ల దిమ్మెలుగా తీసుకుంటుంది. చివరి దిమ్మెలో డేటా తర్వాత ఒక 1 బిట్, ఆపైన అవసరమైనన్ని సున్నాలు, చిట్టచివర మొత్తం పొడవు ఎన్ని బిట్లో 64 బిట్లలో రాస్తుంది. పొడవు అక్కడ ఉండటం ఊరికే కాదు. ఒకే డేటా వెనక సున్నాలు ఎక్కువ తక్కువలున్న రెండు ఫైళ్ళను వేరుగా గుర్తించడానికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. టూల్ ఈ ఏర్పాటుకే గండి కొట్టింది. ప్రతి ఫైల్ పొడవునీ 8192 గుణిజానికి పెంచి చెబుతోంది కనుక, అల్గారిథమ్‌కి నిజమైన పొడవు తెలియనే తెలియదు.

ఇప్పుడు చివర్లో పొడుగ్గా సున్నాలున్న ఫైల్ ఊహించండి. అసలు ఫైల్ పొడవు 8192 గుణిజం. చివరి రెండు ముక్కలూ పూర్తిగా సున్నాలు. కాపీ చివరి ముక్కలో 5000 బైట్ల దగ్గర తెగిపోయింది, 3192 బైట్లు రాలేదు. టూల్ చివరి రీడ్‌లో 5000 సున్నాలు చదువుతుంది, వెనక 3192 స్థానాల్లో ముందు ముక్క నాటి సున్నాలు ఉండనే ఉన్నాయి. మొత్తం 8192 సున్నాలు. విలువ అసలు ఫైల్ విలువే. పాస్.

ఇలాంటి ఫైళ్ళు ఆర్కైవ్‌లో ఉన్నాయా అంటే, ఉన్నాయి. ముందే స్థలం కేటాయించిపెట్టే డేటాబేస్ ఫైళ్ళకు చివర్లో వాడని భాగమంతా సున్నాలే ఉండటం మామూలు. టార్ ఫైల్ (చాలా ఫైళ్ళను కట్టగా కట్టిన ఒకే ఫైల్) చివర కూడా కనీసం 512 బైట్ల సున్నా దిమ్మెలు రెండు ఉంటాయి. మామూలుగా గ్నూ టార్ మొత్తాన్ని 10240 బైట్ల గుణిజానికి సున్నాలతో నింపుతుంది.

టేబుల్‌లో ఫైల్ సైజు కాలమ్ లేదు. పాత సర్వర్ ఇంకా బతికే ఉండటం అదృష్టం. రెండు వైపులా సైజుల జాబితా తీసి పోల్చాం. హ్యాష్ పాసై, సైజు తగ్గిన డేటాబేస్ బ్యాకప్ ఒకటి దొరికింది. కాపీ చివర్లో కనెక్షన్ తెగింది, కాపీ స్క్రిప్ట్ ఆ ఎర్రర్‌ను లాగ్‌లో ఒక లైన్ రాసేసి తర్వాతి ఫైల్‌కి వెళ్ళిపోయింది. ఆ బ్యాకప్‌ను పునరుద్ధరించబోతే డేటాబేస్ ఒప్పుకోలేదు, హెడర్‌లో ఉన్న పేజీల లెక్కకి ఫైల్ పొడవు చాలలేదు. రిపోర్టులో ఎర్రగా మెరిసిన చిన్న ఫైళ్ళన్నీ క్షేమం. పచ్చగా ఉన్న వాటిలో ఒకటి నిజంగా పాడైంది.

పాత విలువలను ఏం చేయాలి

తప్పు విలువ నుంచి సరైన విలువ లెక్కగట్టే దారి లేదు, హ్యాష్ వెనక్కి నడవదు. ఫైళ్ళన్నిటికీ కొత్త విలువలు కట్టి టేబుల్‌లో రాసేస్తే సరిపోదా అన్నారు. సరిపోదు. అలా చేస్తే ఇవాళ ఉన్న స్థితికి ముద్ర వేసినట్టే అవుతుంది, ఫైల్ ఆర్కైవ్‌లో చేరిన రోజు నుంచి మారలేదన్న సాక్ష్యం పోతుంది. పాత విలువ తప్పే అయినా అది ఆ రోజుకి సాక్షి.

అందుకే పాత కోడ్‌ను దాని తప్పులతో సహా అలాగే ఉంచాం. ఒక్కో ఫైల్‌ను ఒకేసారి చదువుతూ రెండు డైజెస్ట్‌లకు ఇచ్చాం. ఒకటి పాత పద్ధతిలో, ఒకటి సరైన పద్ధతిలో. పాత పద్ధతి విలువ టేబుల్‌తో కలిసి, సైజు పాత సర్వర్‌తో కలిస్తే, కొత్త విలువనీ సైజునీ కొత్త కాలమ్‌లలో రాశాం. పాత కాలమ్ చెరపలేదు.

చిన్న ఫైళ్ళ దగ్గర పని ముదిరింది. వాటి పాత విలువ రావాలంటే ఆనాడు బఫర్‌లో ఏముందో తెలియాలి. ఆర్కైవ్‌లోకి చేర్చినప్పటి లాగ్‌లలో ఫైళ్ళ వరస ఉంది. మొత్తం చరిత్రను మళ్ళీ నడిపించాల్సిన పని లేదు, ఎందుకంటే 8192 బైట్లు దాటిన ఫైల్ ఏదైనా ఒకటి వస్తే బఫర్ పూర్తిగా దాని బైట్లతో నిండిపోతుంది, అంతకుముందు ఏమున్నా చెరిగిపోతుంది. కాబట్టి ప్రతి చిన్న ఫైల్ నుంచి వెనక్కి వెళ్ళి, దగ్గర్లోని పెద్ద ఫైల్ పట్టుకుని, అక్కడి నుంచి వరసగా నడిపిస్తే ఆనాటి బఫర్ స్థితి తిరిగొస్తుంది. మధ్యలో ఉన్న ఫైళ్ళు చెక్కుచెదరకుండా ఉంటేనే విలువ కలుస్తుంది. కలిసిందంటే గొలుసులోని ఫైళ్ళకు కూడా అది ఒక సాక్ష్యమే. లాగ్ దొరికిన మేరకు చిన్న ఫైళ్ళు ఇలా బయటపడ్డాయి. చేయడానికి విసుగే గానీ, మొదటి విలువ కలిసినప్పుడు కలిగిన తృప్తి మామూలుగా ఉండదు.

అల్గారిథమ్ మార్చాలా అన్న చర్చ

పనిలో పనిగా ఎండీ5కి మారిపోదాం, వేగంగా ఉంటుంది అని ఒక సూచన వచ్చింది. ఎండీ5 కూడా ఒక హ్యాష్ అల్గారిథమే, 128 బిట్లది, రాన్ రివెస్ట్ రూపొందించాడు, 1992లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరసలో ఆర్‌ఎఫ్‌సీ 1321గా అచ్చయింది. 2004లో షియావ్‌యున్ వాంగ్ బృందం ఒకే ఎండీ5 విలువ వచ్చే వేర్వేరు డేటాలను చూపించింది. ఎస్‌హెచ్‌ఏ-256కి ముందుతరం అల్గారిథమ్ ఎస్‌హెచ్‌ఏ-1కీ 2017లో అదే గతి పట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ, గూగుల్ కలిసి ఒకే విలువ ఇచ్చే రెండు పీడీఎఫ్‌లు విడుదల చేశాయి. డిస్కు తప్పులు పట్టుకోవడానికైతే ఎండీ5 ఇప్పటికీ పనికొస్తుంది, డిస్కుకి మన మీద కక్షేమీ ఉండదు. కానీ ఈ ఆర్కైవ్‌లోకి బయటివాళ్ళు పంపిన ఫైళ్ళు కూడా వస్తాయి. ఒకే విలువ వచ్చే రెండు ఫైళ్ళు ముందే తయారుచేసుకుని ఒకటి ఇచ్చి తర్వాత ఇంకోటి చూపించే వీలు ఎందుకివ్వాలి? వేగం విషయానికొస్తే, ఇప్పటి ప్రాసెసర్లు చాలావాటిలో ఎస్‌హెచ్‌ఏ-256కి ప్రత్యేక ఆదేశాలే ఉన్నాయి. ఈ పనిలో ఆలస్యమంతా డిస్కు నుంచి చదవడంలోనే ఉంది. మార్చలేదు.

విలువ ఏ అల్గారిథమ్‌దో రికార్డులో రాయడం మాత్రం మొదలుపెట్టాం. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌కి అల్గారిథమ్ పేరు చెప్పకపోతే ఎస్‌హెచ్‌ఏ-1 ఇస్తుంది, పవర్‌షెల్ గెట్-ఫైల్‌హ్యాష్ ఎస్‌హెచ్‌ఏ-256 ఇస్తుంది, అదీ పెద్దక్షరాల్లో. విలువలు పంపిన ఇంకో టీమ్‌తో వచ్చిన గొడవలో సగం ఇదే. పేరు రాయకపోయినా అక్షరాలు లెక్కపెడితే తెలిసిపోతుంది: 32 ఉంటే ఎండీ5, 40 ఉంటే ఎస్‌హెచ్‌ఏ-1, 64 ఉంటే చాలావరకు ఎస్‌హెచ్‌ఏ-256.

ఈ తప్పు జావాకే పరిమితం కాదు. సీ భాషలో ఎఫ్‌రీడ్ తిరిగిచ్చిన అంకెను వదిలేస్తే ఇదే జరుగుతుంది. పైథాన్‌లో రీడ్ చదివినంత మేరకే బైట్లు ఇస్తుంది కనుక ఈ గుంటలో పడటం కష్టం, 3.11 నుంచి హ్యాష్‌లిబ్‌లో ఫైల్_డైజెస్ట్ కూడా ఉంది, లూప్ రాసే పనే లేదు. అక్కడ జాగ్రత్త పడాల్సింది ఫైల్‌ను బైనరీ మోడ్‌లో తెరవడం. గో భాషలో ఐఓ.కాపీతో ఫైల్‌ను నేరుగా హ్యాషర్‌లోకి పంపేయొచ్చు. జావాలోనే డైజెస్ట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ ఉంది, లెక్క అదే చూసుకుంటుంది. లూప్ మనమే రాయాల్సివస్తే ఇంకో సంగతి: సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) నుంచి చదివేటప్పుడు ఫైల్ మధ్యలో కూడా రీడ్ తక్కువ బైట్లు ఇవ్వొచ్చు. అప్పుడు ఈ తప్పు 8192 గుణిజాలనూ వదలదు, పైగా ప్రతిసారీ ఒక్కో విలువ వస్తుంది.

ఇప్పుడు రాత్రిపూట నడిచే సరిచూపు మొదట తనను తాను పరీక్షించుకుంటుంది: ఖాళీ ఫైల్, మూడక్షరాల ఫైల్, 8191, 8192, 8193 బైట్ల ఫైళ్ళు, సున్నాతో మొదలయ్యే విలువ ఇచ్చే ఫైల్ ఒకటి. వీటి విలువలు ప్రామాణిక కమాండ్‌తో కట్టి కోడ్ పక్కనే పెట్టాం. ఏ ఒక్కటి తప్పినా ఆర్కైవ్ జోలికి పోకుండా ఆగిపోతుంది. సైజు కలవకపోతే హ్యాష్ దాకా వెళ్ళకుండానే ఫెయిల్ అంటుంది. తెగిపోయిన బ్యాకప్‌ను పాత సర్వర్ నుంచి మళ్ళీ తెచ్చాం. లాగ్ దొరకని చిన్న ఫైళ్ళు మాత్రం రెండు సర్వర్లలోనూ ఒకేలా ఉన్నా, టేబుల్‌లో ‘చేరిన నాటి విలువ నిర్ధారణ కాలేదు’ అన్న గుర్తుతోనే ఉన్నాయి. వాటిని పాస్‌గా మార్చమని అడిగారు, మార్చలేదు.